స్టెంట్ పడిన తరువాత బుల్లెట్ కిక్, అర్ధరాత్రి ఫుట్‌బాల్: అనుభవం ఉన్నవారు చెప్పగలరు

ప్రశ్న: తిరుమలగిరి బుల్లెట్

అందరికీ నమస్కారం. నాకు 53 ఏళ్లు, సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంటాను. పదకొండు వారాల క్రితం ఒక బుధవారం తెల్లవారుజామున ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ చూసి పడుకున్న గంటకు ఎడమ దవడలో నొప్పి మొదలైంది. పన్ను నొప్పి అనుకుని లవంగం పెట్టుకుని పడుకున్నాను. చెమటలు పట్టి చొక్కా తడిసిపోయిన తరువాత గానీ మా ఆవిడ మాట వినలేదు. గుండె ముందు భాగానికి రక్తాన్ని తీసుకువెళ్లే ప్రధాన నాళం దాదాపు పూర్తిగా మూసుకుపోయిందని చెప్పి, మణికట్టు దగ్గర నుంచి గొట్టం పంపి ఒక స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు వల) వేశారు. టూడీ ఎకోలో (గుండె స్కానింగులో) పంపింగ్, అంటే గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం, 48 శాతం ఉంది. మాత్రలన్నీ వేళకు వేసుకుంటున్నాను, పొద్దున్నే నలభై నిమిషాలు నడుస్తున్నాను, సిగరెట్ మానేశాను.

నా ఇబ్బంది రెండు విషయాల్లో ఉంది. మొదటిది బండి. మా నాన్నగారు కంటోన్మెంట్‌లో ఉద్యోగం చేస్తూ 1989లో కొన్న బుల్లెట్ అది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే పాత రకం కాబట్టి సెల్ఫ్ స్టార్ట్ అనే మాటే లేదు. అమ్మీటర్ (కరెంటు చూపే మీటరు) ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్‌ను నెమ్మదిగా నొక్కి, ఇంజిన్‌లోని ఒత్తిడిని వదిలే డీకంప్రెసర్ లివర్ లాగి, పిస్టన్‌ను కాస్త దాటించి, అప్పుడు ఒంటి బరువంతా వేసి కొట్టాలి. లెక్క తప్పితే అదే తిరిగి మన పిక్కమీద కొడుతుంది. డిశ్చార్జి కాగితంలో తినకూడని వాటి జాబితా ఒక పేజీ నిండా ఉంది కానీ, బండి గురించి ‘అధిక శ్రమ తగదు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. 160 కిలోలకు పైగా ఉన్న బండిని మెయిన్ స్టాండ్ ఎక్కించడం అధిక శ్రమ కిందికి వస్తుందా రాదా అన్నది ఎవరిని అడగాలో తెలియలేదు.

రెండోది ఆట. అమ్ముగూడ నుంచి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం గురించి, రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలవడం గురించి మా నాన్నగారు చెబుతుంటే వింటూ పెరిగినవాడిని. 2022 మార్చి 20న మన హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ ఆడిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ కోసం ఇదే బండి మీద ఇద్దరం స్నేహితులం రెండు రోజులు ప్రయాణం చేసి గోవా వెళ్లాం. ఫటోర్డా స్టేడియం మొత్తం కేరళవారి పసుపు రంగే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలు కొట్టి స్కోరు సమం చేసినప్పుడు, ఆ తరువాత మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపినప్పుడు నా గుండె కొట్టుకున్న తీరు గుర్తుకు వస్తే ఇప్పుడు భయం వేస్తోంది. (ఆ హైదరాబాద్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయిందనుకోండి, అది వేరే గుండెనొప్పి.) ప్రస్తుతం మా ఇంట్లో రాత్రి పది దాటితే రిమోట్ కనిపించదు. బండి తాళం బియ్యం డబ్బాలో ఉందని నాకు తెలుసు, నాకు తెలుసని మా ఆవిడకు తెలియదు.

మళ్లీ బండి ఎప్పుడు ఎక్కారు, మ్యాచ్‌లు ఎలా చూస్తున్నారు, ఏమేమి మార్చుకున్నారు అన్నది మీలో ఈ దారిలో నడిచినవారు దయచేసి రాయండి.

జవాబు: కృష్ణలంక రైడర్

అన్నగారూ, నాది విజయవాడ, నాకు మూడేళ్ల క్రితం బైపాస్ అయింది. మీకు ఎముక కోయలేదు కాబట్టి మీ దారి నా దారికంటే చాలా సులువు. నాకు రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే దాదాపు మూడు నెలలు, హ్యాండిల్ పట్టుకోవడానికే వీల్లేదన్నారు. నాలుగో నెలలో మొదటిసారి బందరు రోడ్డు మీద ఒక గుంతలో చక్రం పడినప్పుడు ఛాతీలో కలుక్కుమన్న బాధకు బండి పక్కకు తీసి పది నిమిషాలు కూర్చుండిపోయాను. అది గుండె కాదు, కుట్టు దగ్గరి ఎముక అని తరువాత తెలిసింది గానీ ఆ పది నిమిషాల్లో నా పిల్లల పెళ్లిళ్లు కూడా చేసేశాను.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది బండి నడపడం కాదు, బండిని కదపడం. రోడ్డు మీద నలభైలో పోతుంటే ఒంటికి పెద్ద శ్రమ ఉండదు. పార్కింగులో వాలులో ఇరుక్కున్న బండిని వెనక్కి లాగడం, స్టాండ్ ఎక్కించడం, పెట్రోలు అయిపోతే తోసుకుంటూ పోవడం, ఇవే ప్రాణం తీస్తాయి. అందుకని నేను మూడు అలవాట్లు చేసుకున్నాను: ఎక్కడ ఆపినా ముందుకు తీయడానికి వీలుగా మూతి బయటికి పెట్టి ఆపుతాను, సైడ్ స్టాండే వేస్తాను, ట్యాంకు సగానికి రాగానే పెట్రోలు పోయిస్తాను. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న బండికి మారిపోయాను కూడా. మీరు మారరని మీ రాత చూస్తేనే తెలుస్తోంది, కాబట్టి ఆ సలహా ఇవ్వను.

జవాబు: విశాఖ ఫిజియో

నేను గుండె ఆపరేషన్లు, స్టెంట్లు అయినవారికి వ్యాయామం నేర్పించే ఫిజియోథెరపిస్టును. మీ డాక్టరు చెప్పినదే చివరి మాట అని ముందే మనవి చేస్తూ నాకు తెలిసినది రాస్తాను.

కిక్ కొట్టడంలో కాలి బలం కంటే ఊపిరి విషయం ముఖ్యమైనది. బరువైన పని చేసేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. అలా బిగబట్టి కండరాలను ఒక్కసారిగా బిగించినప్పుడు రక్తపోటు గబుక్కున పైకి లేచి, వదిలిన వెంటనే కిందికి పడుతుంది. ఇంకా కోలుకుంటున్న గుండెకు నలభై నిమిషాల నడక కంటే ఇదే ఎక్కువ పరీక్ష. అందువల్ల ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, ఎంత శ్రమ దాకా ఈసీజీ మారకుండా ఉందో తెలుసుకున్న తరువాతే కిక్ గురించి ఆలోచించండి. పరీక్ష బాగుంటే కిక్ కొట్టేటప్పుడు నోటితో ఊపిరి వదులుతూ కొట్టండి. రెండు కిక్కులకు స్టార్ట్ కాకపోతే మూడోది వేరేవాళ్లకు వదిలేయండి, ఎందుకంటే పదిహేను కిక్కులు కోపంతో కొట్టే రోజే ప్రమాదం.

మీరు గుండె వేగాన్ని తగ్గించే మాత్ర వేసుకుంటూ ఉంటారు కాబట్టి, ఎంత శ్రమపడినా నాడి మునుపటిలా పెరగదు. చేతి గడియారంలో అంకె తక్కువగా ఉంది కదా అని ధైర్యపడవద్దు. మాట్లాడగలుగుతూ పాట పాడలేనంత ఆయాసం ఉంటే ఆ శ్రమ సరిపోయినట్టు, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే ఎక్కువైనట్టు. బీపీ మాత్రల మీద ఉన్నవారు ఎండలో నిండు హెల్మెట్‌తో సిగ్నల్ దగ్గర నిలబడితే కళ్లు తిరగవచ్చు, ఎండాకాలం మధ్యాహ్నాలు మానుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు మాత్రలను సాధారణంగా ఏడాది దాకా కొనసాగిస్తారు, ఎవరో చెప్పారని ఒక్కరోజు కూడా ఆపకూడదు. అయితే వాటివల్ల చిన్న దెబ్బకు కూడా రక్తం ఎక్కువగా పోతుంది. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. వేసుకునే మాత్రల పేర్లు రాసిన కాగితం పర్సులో ఉంచుకోండి. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర చొక్కా జేబులోనే ఉండాలి, ఎండకు కాలే ట్యాంకు సంచిలో కాదు. ఛాతీలో గానీ, మీకు మునుపు వచ్చిన దవడలో గానీ నొప్పి మొదలైతే బండి ఆపి, కూర్చుని, అప్పుడు మాత్ర పెట్టుకుని, 108కి ఫోన్ చేయండి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి మీరూ పడిపోతారు.

ఇక ఆట గురించి. మీ ఆవిడగారి భయం ఊరికే కాదు. 2006లో జర్మనీలో ప్రపంచ కప్పు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో చేసిన అధ్యయనం 2008లో ప్రచురితమైంది. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె అత్యవసర కేసులు మామూలు రోజులకంటే 2.66 రెట్లు నమోదయ్యాయి, మగవారిలో మూడు రెట్లు దాటాయి. మ్యాచ్ మొదలైన తొలి రెండు గంటల్లోనే ఎక్కువ వచ్చాయి, అంతకుముందే గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువగా ఉంది. అలాగని ఆట చూడకూడదని కాదు. ఒంటరిగా చీకట్లో చూడటం, నిద్ర చెడగొట్టుకోవడం, కడుపు నిండా బిర్యానీ తిని కూర్చోవడం, ఉత్కంఠలో రాత్రి మాత్ర మరచిపోవడం, ఇవన్నీ ఒకేరాత్రి కలిసిరాకుండా చూసుకోవాలి.

జవాబు: లీడ్స్‌లో తెలుగువాడు

నాకూ స్టెంట్ ఉంది, నాకూ మోటారుసైకిల్ ఉంది, పైగా ఫుట్‌బాల్ ఊరిలో ఉంటున్నాను. ఇక్కడి నియమాలు తెలిస్తే మీకు కొంత ఊరట కలుగుతుందని రాస్తున్నాను. బ్రిటన్‌లో స్టెంట్ సవ్యంగా పడి, పంపింగ్ 40 శాతానికి తగ్గకుండా ఉండి, నాలుగు వారాల్లోపు మళ్లీ ఏ చికిత్సా అవసరం లేదనుకుంటే వారం తరువాత కారైనా మోటారుసైకిలైనా నడపవచ్చు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కనీసం నాలుగు వారాలు ఆగాలి. చట్టం ఒప్పుకుంది కదా అని నేను మాత్రం వెంటనే ఎక్కలేదు, తొమ్మిది వారాలు ఆగాను, అదీ ఎండ కాసిన ఆదివారం చూసి.

ఎలాండ్ రోడ్ స్టేడియంలో నాకు ఎదురైన కష్టం ఆట కాదు, మెట్లు. చలికాలంలో, తిన్న వెంటనే, ఆలస్యమైందని పరుగెత్తుతూ మెట్లెక్కడం ఎంత పొరపాటో మొదటి మ్యాచ్‌లోనే తెలిసింది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇప్పుడు గంట ముందే వెళ్లి, మెడకు కండువా చుట్టుకుని, ప్రతి మలుపు దగ్గర గోడమీది ప్రకటనలు చదువుతున్నట్టు నటిస్తూ ఆగి ఎక్కుతాను. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలో కుప్పకూలడం టీవీలో చూసినవాడిని నేను. ఆయన మరుసటి సంవత్సరమే ఛాతీలో యంత్రంతో ఇంగ్లండ్‌లో మళ్లీ ఆడటం మొదలుపెట్టినప్పుడు, నేను సీటులో కూర్చుని చూడలేనా అనిపించింది.

జవాబు: విశాఖ ఫిజియో

చిన్న సవరణ. ఎరిక్సన్‌కు జరిగినది గుండె కొట్టుకోవడం హఠాత్తుగా ఆగిపోవడం. ఆయనకు అమర్చినది లయ తప్పినప్పుడు షాకు ఇచ్చి సరిచేసే యంత్రం. మన ప్రశ్న అడిగినవారికి జరిగినది నాళం మూసుకుపోవడం. రెంటినీ గుండెపోటు అనే పిలుస్తారు గానీ, ఒకరి అనుభవాన్ని మరొకరు కొలబద్దగా తీసుకోకూడదు.

జవాబు: హన్మకొండ ఇంటావిడ

నేను బండి నడపను, ఆట చూడను. బండి నడిపే, ఆట చూసే మనిషితో ఇరవై ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాను, ఆయనకు రెండేళ్ల క్రితం స్టెంట్ పడింది. మీరు బియ్యం డబ్బా సంగతి నవ్వుతూ రాశారు. ఆ తాళం అక్కడ పెట్టినప్పుడు మీ ఆవిడగారి చెయ్యి ఎలా వణికి ఉంటుందో నాకు తెలుసు. ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నవాళ్లకు మీ పంపింగ్ శాతాలు వినిపించవు, లవంగం వాసనే గుర్తుంటుంది.

మా ఇంట్లో పోట్లాటలన్నీ అయిన తరువాత కుదిరిన ఒప్పందం చెబుతాను. ఆయన చెకప్‌కు నన్ను లోపలికి తీసుకువెళ్లారు, బండి గురించి డాక్టరును నేనే అడిగాను, జవాబు నా చెవులతో విన్నాను. బయలుదేరేటప్పుడు, చేరిన తరువాత ఫోన్ చేయాలి. మ్యాచ్ వారానికి ఒకటి, అదీ అర్ధరాత్రి అయితే మధ్యాహ్నం పడుకుని లేచిన రోజున మాత్రమే. పెనాల్టీలు వచ్చినప్పుడు ఆయన వంటింట్లోకి వచ్చి నాతో కబుర్లు చెబుతారు, ఫలితం మా అబ్బాయి వచ్చి చెబుతాడు. ఇదేం చూడటం అని మీకు అనిపించవచ్చు. ఆయనకూ అనిపిస్తుంది, అయినా వస్తారు.

ప్రశ్న అడిగినవారు: తిరుమలగిరి బుల్లెట్

జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి.

హన్మకొండ అమ్మగారు రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను. లవంగం మాట దగ్గర ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. మరుసటి వారం చెకప్‌కు ఇద్దరం కలిసి వెళ్లాం. ట్రెడ్‌మిల్ పరీక్షలో ఇబ్బంది ఏమీ రాలేదు. బండి నడపవచ్చు, దగ్గర దూరాలతో మొదలుపెట్టండి, కిక్ మాత్రం మరో రెండు నెలలు మీరు కొట్టవద్దు అని డాక్టరు చెప్పారు. ‘కిక్ అంటే ఏమిటండీ, బటన్ ఉంటుంది కదా’ అని ముందు ఆయనే అడిగారు. పాత బుల్లెట్ గురించి మా ఆవిడే ఆయనకు వివరించింది, డీకంప్రెసర్‌తో సహా. ఇన్నేళ్లుగా ఆవిడ గమనిస్తోందని నాకు తెలియదు.

మొన్న ఆదివారం ఎదురింటి అబ్బాయి కిక్ కొట్టి ఇచ్చాడు. ముప్పై దాటకుండా అమ్ముగూడ వైపు వెళ్లాను. దారిలో ఒక మైదానంలో కుర్రాళ్లు ఇటుకలు పెట్టి గోల్‌పోస్టులు చేసుకుని ఆడుతున్నారు. బండి ఆపి, చెట్టు నీడలో రాతి మీద కూర్చుని, ముప్పావు గంట చూశాను. 3-3 దగ్గర ఉండగా ఒక చిన్నవాడు ఎడమకాలితో మూలకు కొట్టిన బంతి ఇటుక మీదుగా పోయిందా, లోపలికి పోయిందా అని అందరూ కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి ‘అంకుల్, మీరు చెప్పండి’ అన్నారు. గోలే అని చెప్పాను. చొక్కా జేబులో సార్బిట్రేట్ ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాను, అవసరం పడలేదు.

తిరుగు ప్రయాణానికి కిక్ ఎవరు కొడతారన్నది నేను ఆలోచించనేలేదు. గోలు తిన్న కుర్రాడే ముందుకు వచ్చాడు. అమ్మీటర్ ముల్లు ఎక్కడ ఆగాలో, లివర్ ఎప్పుడు వదలాలో పక్కన నిలబడి చెప్పాను. రెండు కిక్కులు వృథా అయ్యాయి, మూడోదానికి బండి అందుకుంది, వాడి ముఖం చూడాలి. ఇంటికి బయలుదేరుతున్నానని ఫోన్ చేస్తే మా ఆవిడ మొదటి మాటగా ‘కిక్ ఎవరు కొట్టారు?’ అని అడిగింది.

గోల్‌కీపర్ అని చెప్పాను.