రెండేళ్ల పాపతో పాత స్నేహాలు నిలుపుకోవడం ఎలా?

పాప మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా నిద్రపోతుంది, రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడక. స్నేహితులకేమో ఇంకా పిల్లల్లేరు, వాళ్లు కలిసేది తొమ్మిది దాటాక, గచ్చిబౌలిలో. నిద్రవేళ గంట దాటితే పాప బాగా అలిసిపోయి అసలు పడుకోదు, మర్నాడంతా పేచీయే. రెండుసార్లు రామంటే మూడోసారి పిలవడమే మానేస్తారేమోనని బెంగగా ఉంది. వాళ్లంటే మాకు ప్రాణం.

ఆదివారం పొద్దున ఎనిమిదికి కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు రమ్మందామా? ఎండ ముదరకముందే గంటన్నర చాలు. పాపకు ఇడ్లీ ముక్కలు, నీళ్లు, మార్చడానికి బట్టలు తెస్తాం. చిక్కల్లా ఒకటే: పాప పరిగెత్తిందంటే వాళ్లు చెబుతున్న మాట సగంలో ఆగిపోతుంది. ఆలుమగలం ఇరవై నిమిషాల చొప్పున వంతులేసుకుంటే కుదురుతుందా? మియాపూర్‌కు దగ్గర్లో ఇంకా మంచి చోటుంటే చెప్పండి. స్నేహితులు నొచ్చుకోకుండా రాత్రి రాలేమని మీరెలా చెప్పారండీ?