స్కూలుకి సోలార్: 5 కిలోవాట్లు కావాలా, 3 సరిపోతాయా?

ప్రశ్న | కొత్తపట్నం వైపు, స్కూలు కమిటీ సభ్యుడు

మా హైస్కూల్లో పది తరగతి గదులు. గదికి నాలుగు ఫ్యాన్లు, నాలుగు పాత 40 వాట్ల ట్యూబులైట్లు. కంప్యూటర్లు పది, డిజిటల్ బోర్డులు రెండు, ట్యాంకుకి నీళ్లెక్కించే ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు ఒకటి. స్లాబు బాగానే ఉంది. సముద్రం రెండు కిలోమీటర్ల దూరం. పూర్వ విద్యార్థులు సోలార్ కోసం రెండున్నర లక్షలు పోగుచేశారు. రేటు చెప్పడానికి వచ్చినాయన 5 కిలోవాట్లు పెట్టాల్సిందే అంటున్నాడు. మూడు లక్షల పైన అవుతుందట, 78 వేల సబ్సిడీ వస్తుంది గనక సరిపోతుందట. నిజంగా అంత అవసరమా? ఉప్పుగాలికి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు 1 | ఒంగోలు, ఎలక్ట్రికల్ ఇంజనీరు

ముందు సబ్సిడీ సంగతి. ఆ 78 వేలు పీఎం సూర్యఘర్‌వి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకం ఇళ్ల కోసం, స్కూలు సర్వీసుకు ఆ డబ్బు రాదు. దాన్ని నమ్ముకుని ఆర్డరిచ్చారంటే చివరికి ఆ లోటు కమిటీ మీద పడుతుంది. ప్రభుత్వ భవనాల మీద సోలార్ పనులు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నెడ్‌క్యాప్ చూస్తుంది. ఆ జాబితాలో మీ స్కూలు ఉందేమో జిల్లా కార్యాలయంలో అడగండి. ఉంటే మీ డబ్బంతా ఫ్యాన్లకే పెట్టుకోవచ్చు.

ఇక లెక్క. పాత ఫ్యాను 75 వాట్లు, నలభైకి 3 కిలోవాట్లు, ఆరు గంటలు తిరిగితే రోజుకు 18 యూనిట్లు. పాత ట్యూబు చోక్‌తో కలిపి 50 వాట్లు తాగుతుంది. నలభై ట్యూబులు మూడు గంటలు వెలిగితే 6 యూనిట్లు. మోటారు గంటన్నరకు 2, కంప్యూటర్లకు 3, బోర్డులకు ఒకటిన్నర. మొత్తం రోజుకు 30 యూనిట్లు దాటుతుంది. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే 6,700. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సోలార్ ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది. అంటే ఈ వాడకానికి 5 కిలోవాట్లు అన్న మాట తప్పేం కాదు.

కానీ తగ్గించాల్సింది ఆ వాడకాన్నే. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది: 18 యూనిట్లు 7కి దిగుతాయి. 20 వాట్ల ఎల్‌ఈడీ బాటన్లు (ట్యూబుల్లాంటి లైట్లు) పెడితే 6 యూనిట్లు రెండున్నర అవుతాయి. ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ పెడితే పొర్లిపోయే నీళ్లతో పాటు అరగంట మోటారు కూడా మిగులుతుంది. అన్నీ కలిపితే రోజుకు 16 లోపే, ఏడాదికి సుమారు 3,400. దీనికి 3 కిలోవాట్లు చాలు. 540 వాట్ల పలకలు ఆరు, నీడ పడని 300 చదరపు అడుగుల చోటు.

ఏదీ కొనకముందు మూడు రోజులు పొద్దున 9కి, సాయంత్రం 4కి మీటరు రీడింగు రాసుకోండి. సాయంత్రం 4 నుంచి మర్నాడు 9 దాకా రెండు మూడు యూనిట్లు కదిలాయంటే, తాళాలేసిన బడిలో ఏదో నడుస్తూనే ఉందన్నమాట. అలా దొరికినదాన్ని ఆపడానికి పైసా ఖర్చు లేదు.

జవాబు 2 | కావలి, సోలార్ ఇన్‌స్టలేషన్ పనులు

ఇంజనీరుగారి లెక్క సరైనదే, డబ్బు దగ్గరే చిన్న సవరణ. నలభై ఫ్యాన్లూ ఒకేసారి మార్చాలంటే ఒక్కోటి 2,800 చొప్పున లక్షా పన్నెండు వేలు. 3 కిలోవాట్లకు లక్షా ఎనభై వేలు వేసుకున్నా బడ్జెట్ దాటిపోతుంది. ప్యానెళ్లు పెట్టించి, మిగిలిన 70 వేలతో లైట్లన్నీ, రోజంతా పిల్లలుండే గదుల్లో 22 ఫ్యాన్లు మార్చండి. మిగతావి చెడిపోయినప్పుడల్లా ఒక్కోటి. అప్పటిదాకా గ్రిడ్ (బయటి కరెంటు లైన్) నుంచి ఏడాదికి మూడొందల యూనిట్లకు మించి తీసుకోనక్కర్లేదు.

ఫ్యాన్లలో రిమోట్ మీదే ఆధారపడే రకం వద్దు. నెల తిరిగేసరికి రిమోట్ కనపడదు. గోడ స్విచ్ వేసి తీస్తే స్పీడు మారే రకం తీసుకోండి. పాత రెగ్యులేటర్ తప్పకుండా తీసేయించండి. అది లైన్లో ఉంటే ఫ్యాను లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోతుంది, వారంటీ కూడా ఇవ్వరు.

ఉప్పుగాలి విషయంలో బేరం ఆడొద్దు. స్టాండు హాట్‌డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచినది), పూత 80 మైక్రాన్లు. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. 304 రకం అయితే సముద్రం దగ్గర మచ్చలు పడుతుంది. స్లాబు మీద వెల్డింగ్ చేయనివ్వొద్దు: వెల్డింగ్ వేడికి జింకు పూత కాలిపోతుంది, తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది, పైన వెండి రంగు స్ప్రే కొట్టినా ఆగదు. బోల్టులతోనే బిగించాలి. ప్యానెల్‌కు ఐఈసీ 61701 ఉప్పు పరీక్ష సర్టిఫికెట్ అడగండి.

తుపాను గాలి ఇంకో లెక్క. కట్టడాలు తట్టుకోవాల్సిన గాలి గురించి చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మీ తీరానికీ అదే పట్టుకోండి. ఎనిమిదడుగుల ఎత్తు స్టాండు వేసి కింద నీడ వాడుకోవచ్చంటారు, స్కూలు మీద వద్దు. పిట్టగోడ ఎత్తు దాటకుండా దక్షిణానికి 10 నుంచి 12 డిగ్రీల వాలు చాలు. స్తంభాలు, దూలాలు వచ్చే చోటే కాంక్రీటు దిమ్మెలు పోయించండి. స్లాబు మధ్యలో డ్రిల్ చేస్తే వచ్చే వానాకాలానికి గదిలో కారుతుంది.

నీడ చూసేటప్పుడు ఉత్తరం వైపు ట్యాంకు ఉంటే పర్లేదనుకోకండి. మే మొదలు ఆగస్టు తొలివారం దాకా మనకు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, పొద్దునా సాయంత్రం ఇంకా ఉత్తరానికి. ఒక పలక మూల మీద నీడ పడితే ఆ వరుస మొత్తం దిగుబడి పడిపోతుంది.

జవాబు 3 | నెల్లూరు, విద్యుత్ శాఖలో పని

అందరూ పొరబడేది ఇక్కడే: నెట్ మీటరు (లోపలికి వచ్చే కరెంటునూ బయటికి వెళ్లే కరెంటునూ విడిగా లెక్కేసేది) బిగించకముందు సోలార్ ఆన్ చేయకండి. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు బయటికి వెళ్లే కరెంటును కూడా మీరు వాడినట్టే లెక్కేస్తాయి. ఎండ బాగా కాసే వేసవి సెలవుల్లో అలా నెల నడిచిందంటే బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది.

ఇప్పుడే సర్వీసు ఎవరి పేరున ఉందో చూడండి. బదిలీ అయిపోయిన హెడ్‌మాస్టరు పేరో, పంచాయతీ పేరో ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. కరెంటు పంపిణీ సంస్థల్లో మీ ప్రకాశం జిల్లా సీపీడీసీఎల్ కింద, నెల్లూరు ఎస్పీడీసీఎల్ కింద వస్తాయి. పేరు మార్పు, పాత బకాయి, మంజూరైన లోడు, ఈ మూడూ సెక్షన్ ఆఫీసులో తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఫిక్స్‌డ్ ఛార్జీ సోలార్‌తో తగ్గదు, ఎంత మిగులుతుందో లెక్క వేసేటప్పుడు దాన్ని పక్కన పెట్టండి.

ఎర్తింగ్ గుంతలు మూడు వేరువేరుగా ఉండాలి: పలకల నుంచి వచ్చే డీసీకి, ఇన్వర్టర్ మార్చి ఇచ్చే ఏసీకి, పిడుగు కడ్డీకి. ఒక్క గుంతకే మూడూ కలిపేస్తే పిడుగు పడ్డప్పుడు ముందు పోయేది ఇన్వర్టరే.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. సర్వీసు నిజంగానే పాత పేరు మీదే ఉంది. రెండు సందేహాలు. కరెంటు పోయినప్పుడు ఎండ ఉంటే ఫ్యాన్లు తిరుగుతాయి కదా? ప్యానెళ్లు పిల్లల చేత కడిగించొచ్చా?

జవాబు 2 | కావలి, సోలార్ ఇన్‌స్టలేషన్ పనులు

తిరగవు. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్ లైన్ పోగానే తానూ ఆగిపోతుంది. లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ సోలార్ కరెంటే షాక్ కొడుతుంది. కోతల కోసం విడిగా చిన్న ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకోండి. దాంట్లో నికరంగా వాడుకోగలిగేది ఒక యూనిట్. పాత ఫ్యాన్లు పదికి గంటా పావు, బీఎల్‌డీసీ పదికి మూడు గంటలు వస్తుంది. ఆ లైన్‌కు పదో తరగతి గదుల్ని ముందు కలపండి.

పిల్లల్ని స్లాబు మీదికి ఎక్కించొద్దు, ఎంత పెద్ద క్లాసు వాళ్లయినా సరే. ఆరు పలకలు వరుసగా కలిపితే 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, పగలు దాన్ని ఆపే స్విచ్ పలకలకు లేదు. వాళ్లకు కింద ఇన్వర్టర్ మీద రోజూ యూనిట్లు చూసి రాసే పని ఇవ్వండి. మబ్బు లేని రోజున 12 యూనిట్లు రావాల్సినచోట 9 వస్తుంటే పలకలు మురికి పట్టాయని వాళ్లే ముందు చెబుతారు.

కడిగేది పెద్దవాళ్లు, తెల్లారి ఏడు లోపు, పలకలు చల్లగా ఉన్నప్పుడు. జనవరి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి, మెత్తటి బట్టతో. బోరు నీళ్లు చప్పగా లేకపోతే తెల్లటి చారలు గట్టిపడతాయి. ఆర్‌ఓ ప్లాంటు ఉంటే మంచినీళ్లు రెండు బకెట్లు చాలు. ప్లాంటు బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయొద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.