గాల్వెస్టన్ క్రూజ్‌కి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి? అమ్మానాన్న కూడా వస్తున్నారు

డాలస్‌లో కొత్త:
అందరికీ నమస్తే అండీ. ఇక్కడికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు, హెచ్1బీ మీద ఉన్నాను. అమ్మానాన్న గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు, అక్టోబర్‌లో అందరం ఇక్కడ టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కోజుమెల్ ద్వీపానికి వెళ్లే క్రూజ్ బుక్ చేశాం, పోయిన వారమే డిపాజిట్ కట్టాను. బుక్ చేసేటప్పుడు క్రూజ్ కంపెనీ తన సొంత ఇన్సూరెన్స్ లాంటిది, ప్రొటెక్షన్ అని ఏదో చూపించింది, ఎందుకులే అని టిక్ పెట్టలేదు. నాన్నకి బీపీ, షుగర్, స్టెంట్ కూడా పడింది. నాకూ మా ఆవిడకీ ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, అమ్మానాన్నకి ఇండియాలో తీసుకున్న ట్రావెల్ పాలసీ ఉంది. ఇవి చాలవా, ఇంకోటి కొనాలా?

పియర్‌లాండ్ బాబాయి:
పోయిన వారమే డిపాజిట్ కట్టావంటే మంచి టైములోనే అడిగావు అబ్బాయ్. చాలామందికి బ్యాగులు సర్దుకునేటప్పుడు గుర్తొస్తుంది, అప్పటికి అసలు పనికొచ్చేది చేజారిపోయి ఉంటుంది. ఇక్కడి ట్రిప్ ఇన్సూరెన్సుల్లో ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్ వెయివర్ అని ఒకటుంటుంది, ప్లాన్‌ని బట్టి మొదటి డిపాజిట్ కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపు కొంటేనే వస్తుంది. అది ఉంటే పాత జబ్బు అని చెప్పి క్లెయిమ్ కొట్టేయరు. లేదనుకో, పాలసీ కొన్న తేదీ నుంచి వెనక్కి 60 నుంచి 180 రోజుల దాకా డాక్టర్ రికార్డులు తిరగేస్తారు, ఆ మధ్యలో మందు మార్చినా డోసు పెంచినా అదే పట్టుకుంటారు.

నాన్నగారు నా పాలసీలో ఉండరుగా నాకెందుకు అనుకోకు. బయల్దేరే ముందు రోజు ఆయనకి గుండెలో నొప్పి వచ్చి అందరూ ఆగిపోయారనుకో, నీ టికెట్టు డబ్బు నీ పాలసీ నుంచే రావాలి కదా. ఇంట్లోవాళ్ల జబ్బు వల్ల ట్రిప్ మానుకుంటే ఇస్తారు, కాకపోతే ఆ జబ్బు పాతదైతే చాలా ప్లాన్లు వెయివర్ లేకుండా ఇవ్వవు. అందుకని ఆయన స్టెంటు నీ పాలసీకి కూడా లెక్కే. ఇంకోటి, నువ్వు కట్టే నాన్ రిఫండబుల్ డబ్బంతా ఇన్సూర్ చేస్తేనే ఆ వెయివర్ నిలుస్తుంది, ఇప్పుడు డిపాజిట్ వరకు పెట్టి ఫైనల్ పేమెంట్ కట్టగానే మొత్తం పెంచుకోవచ్చు, పెంచడం మాత్రం మర్చిపోవద్దు.

ఇక ఆఫీసు ఇన్సూరెన్స్ సంగతి. షిప్పులు ఎక్కువ బహామాస్, పనామా జెండాల మీద తిరుగుతుంటాయి, షిప్పులో డాక్టరు నీ నెట్‌వర్క్‌లో ఉండడు. కొన్ని ప్లాన్లు ఎమర్జెన్సీ వరకు తర్వాత తిరిగి ఇస్తాయి, కార్డు వెనకాల నంబరుకి ఫోన్ చేసి విదేశంలో ఎమర్జెన్సీకి ఇస్తారా, ఎయిర్ ఆంబులెన్స్ ఇస్తారా అని రెండూ విడివిడిగా అడుగు. రెండోదానికి ఎక్కువసార్లు లేదనే అంటారు. సముద్రం మధ్యలో కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్తే దానికి బిల్లు వెయ్యరు, జేబు ఖాళీ చేసేది మెక్సికో ఆసుపత్రి నుంచి హ్యూస్టన్ తెచ్చే ఎయిర్ ఆంబులెన్స్, వేల డాలర్లు అవుతుంది, పరిస్థితిని బట్టి లక్ష కూడా దాటొచ్చు. నన్నడిగితే మెడికల్ లక్ష, ఇవాక్యుయేషన్, అంటే పేషెంటుని ఆసుపత్రికి తరలించే ఖర్చు, రెండున్నర లక్షల డాలర్లు ఉన్న ప్లాన్ చూడు. బ్యాగేజీ ఎంత ఇస్తాడు, ఆలస్యమైతే భోజనానికి ఎంత ఇస్తాడు అని వాటి దగ్గర కూర్చోకు. ఇవాక్యుయేషన్ పేజీలో మాత్రం దగ్గర్లో ఉన్న సరైన ఆసుపత్రికే తీసుకెళ్తామని రాసుందా, నువ్వు కోరిన ఆసుపత్రికి అని రాసుందా చూసుకో, రెంటికీ చాలా తేడా.

క్రూజ్ కంపెనీ వాళ్ల ప్రొటెక్షన్‌లో మెడికల్, ఇవాక్యుయేషన్ లిమిట్లు మామూలుగా బయటి ప్లాన్ల కంటే తక్కువ. వాళ్లు ఏ కారణానికైనా క్యాన్సిల్ చేసుకోవచ్చు అంటే కూడా చాలాసార్లు డబ్బు కాదు, ముందు ముందు వాళ్ల షిప్పే ఎక్కడానికి క్రెడిట్. స్క్వేర్‌మౌత్, ఇన్ష్యూర్‌మైట్రిప్ లాంటి సైట్లలో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఆస్టిన్ అక్క:
బాబాయి గారు చెప్పింది మీ ఇద్దరికీ సరిపోతుంది తమ్ముడూ, మీ అమ్మానాన్నల లెక్క వేరు. ఆ ప్లాన్లు చాలావరకు అమెరికాలో ఉండేవాళ్లకే, విజిటర్ వీసా వాళ్లని తీసుకోవు. వాళ్లకి విజిటర్ ఇన్సూరెన్స్ కొనాలి, అందులో కూడా అమెరికా దాటి వెళ్తే కవరేజీ ఉందా, క్రూజ్ మీద ఉందా అని చూడాలి, లేనివి బోలెడు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ల జోలికి పోవద్దు, చవగ్గా కనిపిస్తాయి కానీ డాక్టర్ విజిట్‌కి ఇంత, గదికి ఇంత అని లెక్క కట్టి ఇస్తారు, మిగతాది మనమే. అసలు బిల్లుని బట్టి ఇచ్చే కాంప్రహెన్సివ్ ప్లాన్లలో కూడా పాత జబ్బులకి అక్యూట్ ఆన్‌సెట్ వరకే, అంటే ఉన్నట్టుండి ముంచుకొస్తే, సాధారణంగా 24 గంటల్లో ట్రీట్‌మెంట్ తీసుకుంటే ఇస్తారు, వయసు పెరిగే కొద్దీ ఆ లిమిట్ తగ్గిపోతుంది. మామూలు చెకప్‌కీ మందులకీ రాదు.

మా అత్తగారికి షిప్పులో రాత్రిపూట ఆయాసం వచ్చింది. కింది డెక్కులో మెడికల్ సెంటర్, నర్సు ముందు బీపీ చూసి వెంటనే కాగితం ముందు పెట్టింది, సంతకం పెడితే బిల్లు మా క్యాబిన్ అకౌంటుకి ఎక్కుతుందని. ఈసీజీకి, నెబ్యులైజర్‌కి, ఆక్సిజన్‌కి, అబ్జర్వేషన్‌కి గంటల లెక్కన దేనికది విడివిడిగా పడింది. షిప్ దిగేలోపు అంతా మన కార్డు మీదే పోతుంది, ఇన్సూరెన్స్ వాడు వాళ్లకి డైరెక్టుగా కట్టడం చాలా అరుదు. మా ఆయన డెస్క్ దగ్గర నిలబడి మరీ ఐటమైజ్డ్ బిల్లు, డాక్టర్ రాసిన నోట్సు తీసుకున్నారు, లేకపోతే ఆ ఇన్సూరెన్స్ కంపెనీ మూడు నెలలు తిప్పించుకుని పైసా ఇచ్చేది కాదు. అయినా సగమే ఇచ్చారు లెండి. కార్డులో ఖాళీ లిమిట్ ఉంచుకుని వెళ్లండి.

ఇండియా పాలసీ కాగితం తీసి ప్రపోజల్ ఫారంలో స్టెంటు రాశారా లేదా చూడు. ఏజెంటు చాలాసార్లు నిల్, అంటే ఏ జబ్బూ లేదు, అని కొట్టేస్తాడు.

వీసా గోల:
ఒక్క మాట. పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఎక్స్‌పైర్ అయిందా? స్టాంపు అయిపోయినా తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్1బీ వాళ్లకి మెక్సికో, కెనడాలకి మాత్రమే, అదీ 30 రోజుల్లోపు, ఐ94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) చెల్లుబాటులో ఉంటేనే. చుట్టుపక్కల ద్వీపాల వెసులుబాటు ఎఫ్ (స్టూడెంట్), జె (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా వాళ్లకి, మనకి కాదు. గాల్వెస్టన్ నుంచి పోయే షిప్పులు కొన్ని జమైకా, కేమన్‌లో కూడా ఆగుతాయి, కాబట్టి మీ రూటు ఒకసారి చూసుకోండి. బర్త్ సర్టిఫికెట్ చాలని ఎవరో అంటే వినొద్దు, అది ఇక్కడి సిటిజన్లకి. కాగితాలు సరిగా లేవని పోర్టులో ఆపేస్తే ఏ ఇన్సూరెన్సూ రూపాయి ఇవ్వదు.

డాలస్‌లో కొత్త:
చాలా థ్యాంక్స్ అందరికీ. స్టాంపు 2027 దాకా ఉందండీ, షిప్పు ఆగేది కోజుమెల్‌లోనే. ఏ కారణానికైనా మానుకోవచ్చనే క్యాన్సిల్ ఫర్ ఎనీ రీజన్ కూడా పాలసీలో కలపమంటారా? మా టీమ్‌లో లేఆఫ్ భయం ఉంది. ఇంకా అక్టోబర్ అంటే హరికేన్లు అంటున్నారు.

పియర్‌లాండ్ బాబాయి:
లేఆఫ్‌కి మామూలు పాలసీలోనే కవరేజీ ఉంటుంది, కానీ అదే కంపెనీలో కనీసం ఏడాదో మూడేళ్లో చేసుండాలని షరతు పెడతారు, నీకు ఏడాదే కాలేదంటున్నావు కాబట్టి అది నీకు పనికిరాకపోవచ్చు. ఎనీ రీజన్ తీసుకుంటే ప్రీమియం దాదాపు సగం పెరుగుతుంది, తిరిగొచ్చేది 50 నుంచి 75 శాతం, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. ముందు క్రూజ్ వాళ్ల ఫైనల్ పేమెంట్ తేదీ చూడు, మామూలుగా బయల్దేరడానికి 75 నుంచి 90 రోజుల ముందుంటుంది, ఆ లోపు నీ పరిస్థితి తేలిపోయేలా ఉంటే డిపాజిట్ కోసం అంత ప్రీమియం కట్టడం దండగ. తేలకపోతే తీసుకో.

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. తుపానుకి పేరు పెట్టేశాక కొన్న పాలసీ ఆ తుపానుకి పనికిరాదు, అందుకే ముందే కొను. షిప్పు రూటు మార్చి కోజుమెల్ బదులు ఇంకెక్కడికో తీసుకెళ్తే మాత్రం పెద్దగా ఏమీ రాదు, కొన్ని ప్లాన్లే కొద్దిగా ఇస్తాయి.

డాలస్ నుంచి కారులో వస్తారనుకుంటా. దారిలో ఐ45 హైవే మీద యాక్సిడెంట్ అయి గంటలు ఆగిపోతే షిప్పు మీకోసం ఆగదు. దారిలో ఆలస్యమై షిప్పు తప్పిపోతే ఇచ్చే మిస్డ్ కనెక్షన్ కవరేజీ చాలా ప్లాన్లలో ఫ్లైటు, బస్సులాంటి వాటికే, సొంత కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కొన్నే ఒప్పుకుంటాయి. ముందు రోజే వచ్చి హ్యూస్టన్ దగ్గర పడుకోండి, మా పియర్‌లాండ్‌లో మీనాక్షి గుడికి కూడా తీసుకెళ్లొచ్చు పెద్దవాళ్లని.

డాలస్‌లో కొత్త:
అక్కా, ఇండియా పాలసీ తీసి చూశాను. స్టెంట్ దగ్గర నిల్ అనే ఉంది.

ఆస్టిన్ అక్క:
అనుకున్నా. అయితే దాన్ని నమ్ముకోవద్దు తమ్ముడూ, నాన్నగారికి ఇక్కడ విజిటర్ ప్లాన్ ఒకటి కొను, క్రూజ్ డేట్లకే కాదు, వాళ్లు ఇక్కడున్నన్నాళ్లకీ. స్టెంట్ ఎప్పుడు వేశారో, ఏ మందులు వాడుతున్నారో ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసి ఆయన జేబులోనే పెట్టు, మందులు చెక్ ఇన్ సూట్‌కేసులో వేయొద్దు, ఎక్కిన రోజు అది గదికి వచ్చేసరికి ఒక్కోసారి సాయంత్రం అవుతుంది. కొన్నాక సర్టిఫికెట్ వస్తుంది, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా, ఇంటిపేరు ముందూ వెనకా అయిందా చూసుకో. తప్పుంటే మార్పించుకో, నచ్చకపోతే వెనక్కిచ్చేయడానికి కూడా మీ ఇద్దరి ట్రిప్ పాలసీకి ఎక్కువగా 10 నుంచి 14 రోజులు టైమిస్తారు.