పేద దేశాల్లో మిడ్‌వైఫ్‌లే స్కానింగ్ చేస్తే తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయా?

ప్రశ్న – మిడ్‌వైఫరీ విద్యార్థిని, కరీంనగర్

గర్భిణికి 24 వారాలు నిండకముందే ఒకసారి స్కానింగ్ జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. రేడియాలజిస్టులు నగరాలు దాటి దొరకని ఆఫ్రికా దేశాల్లో ఆ పనిని మిడ్‌వైఫ్‌లకు (పురుడు పోయడంలో శిక్షణ పొందినవారికి) అప్పగించాలన్న వాదన అప్పటినుంచి బలపడింది. కొద్ది వారాల శిక్షణతో వారు నమ్మదగిన స్కాన్ చేయగలరా? చేసినచోట ప్రాణాలు నిజంగా నిలిచాయా? తెలిసిన పెద్దలు వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం – ప్రజారోగ్య పరిశోధకుడు, హైదరాబాద్

మొదటి ప్రశ్నకు జవాబు అవుననే. ‘ఫస్ట్ లుక్’ అనే అధ్యయనంలో కాంగో, కెన్యా, జాంబియా, పాకిస్తాన్, గ్వాటెమాలా దేశాల గ్రామీణ ప్రాంతాల మిడ్‌వైఫ్‌లకు, నర్సులకు రెండు వారాలు పాఠాలు చెప్పి, ఆపై పన్నెండు వారాలు పర్యవేక్షణలో పని చేయించారు. వారు తీసిన చిత్రాలను అమెరికాలోని నిపుణులు మళ్లీ పరిశీలించగా, అత్యధిక భాగం సరిగానే ఉన్నాయని తేలింది.

రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం చాలామందిని నిరాశపరచింది. ప్రతి గర్భిణికి రెండు స్కాన్లు అందించిన ప్రాంతాలను, అందించని ప్రాంతాలతో పోల్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. తల్లుల మరణాల్లో గాని, మృత శిశు జననాల్లో గాని, నవజాత శిశు మరణాల్లో గాని తేడా కనిపించలేదు. అంతకుముందు ఉగాండాలోని నవన్యాగో ఆరోగ్య కేంద్రంలో స్కానింగ్ మొదలయ్యాక పరీక్షలకు వచ్చేవారు, అక్కడే పురుడు పోసుకునేవారు పెరిగారు కాబట్టి, యంత్రం పెడితే చాలు జనం వస్తారన్న ఆశ ఉండేది. ఐదు దేశాల అధ్యయనంలో ఆ పెరుగుదల కూడా కనిపించలేదు.

నా అభిప్రాయంలో లోపం మిడ్‌వైఫ్‌ది కాదు. మాయ (ప్లాసెంటా) ప్రమాదకరంగా కిందికి ఉందని ఆమె కనిపెట్టి పెద్దాసుపత్రికి రాసి పంపినా, అక్కడికి వెళ్లడానికి బండి, వెళ్లాక ఎక్కించడానికి రక్తం, వేళకు సిజేరియన్ చేసే వైద్యులు లేకపోతే ఆ చీటీ వల్ల ప్రయోజనం ఉండదు. ఆ అధ్యయనంలో రిఫరల్ ఆసుపత్రుల సిబ్బందికీ శిక్షణ ఇచ్చారు. అయినా ఫలితం మారలేదంటే, ఆసుపత్రుల బలహీనత కొన్నాళ్ల శిక్షణతో తీరేది కాదని నేను అర్థం చేసుకున్నాను.

సమాధానం – ప్రసూతి వైద్యురాలు, విశాఖపట్నం (గతంలో జాంబియాలో పనిచేశాను)

పై గణాంకాలతో నాకు పేచీ లేదు గాని, దాన్నిబట్టి స్కానింగ్ వృథా అనుకుంటే పొరపాటు. మొక్కజొన్న కోతలప్పుడు బహిష్టు ఆగిందని చెప్పే తల్లికి మేము టేపుతో పొట్ట కొలిచి నెలలు లెక్కగట్టేవాళ్లం. పొట్ట పెద్దగా ఉంటే నెలలు ఎక్కువో, లోపల కవలలో టేపు చెప్పలేదు.

నెలల లెక్క తప్పితే ఎంత నష్టమో స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కథే చెబుతుంది. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే ఆ మందును ఆరు దేశాల్లో విస్తృతంగా వాడించి చూస్తే, ఆశించిన మేలు జరగకపోగా మొత్తం మీద శిశు మరణాలు పెరిగాయని 2015లో వెల్లడైంది. మందు పడిన తల్లుల్లో చాలామందికి అసలు నెలలు తక్కువ కాలేదు. తర్వాత భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాల్లోని ఆసుపత్రుల్లో, స్కానింగ్‌తో వారాలు నిర్ధారించుకుని ఇచ్చినప్పుడు నవజాత శిశు మరణాలు తగ్గాయని 2020లో తేలింది. అందువల్ల మిడ్‌వైఫ్ చేతిలోని ప్రోబ్‌కు (పొట్ట మీద ఆనించే స్కానింగ్ పరికరానికి) అన్నిటికన్నా ముఖ్యమైన పని వారాలు తేల్చడమేనని నా నమ్మకం. జాంబియాలోను, అమెరికాలోను జరిపిన మరో అధ్యయనంలో, స్కానింగ్ అనుభవం లేనివారు చిన్న ప్రోబ్‌ను పొట్ట మీద నిలువుగా, అడ్డంగా కదిపితే, కృత్రిమ మేధ 14 నుంచి 27 వారాల మధ్య గర్భం వయసును నిపుణులతో సమానంగా లెక్కగట్టింది. అది 2024లో ప్రచురితమైంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు మేడమ్. మరి మన రాష్ట్రంలో మాలాంటివారికి ఈ శిక్షణ ఎందుకు ఇవ్వడం లేదు?

సమాధానం – ప్రసూతి వైద్యురాలు, విశాఖపట్నం

ఆడపిల్లల భ్రూణహత్యలను ఆపడానికి 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం, అర్హత గల వైద్యులు తప్ప గర్భిణికి ఎవరూ స్కానింగ్ చేయకూడదు. ప్రతి స్కాన్‌కు దాని వివరాలు నమోదు చేసే ఫారం-ఎఫ్ నింపాలి. ఆడపిల్లల సంఖ్య ఎలా పడిపోయిందో చూసినదాన్ని కాబట్టి, ఆ కట్టడిని సడలించమని నేను అడగలేను. ఆఫ్రికా పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తేవడం కుదరదు.

ప్రోబ్ మీ చేతిలో లేకపోయినా రిపోర్టు ఉంటుంది గదమ్మా. మొదటి నెలల్లో తీసిన స్కాన్ తేల్చిన డెలివరీ తేదీయే చివరి వరకు ఉండాలి. ఎనిమిదో నెల స్కాన్‌లో తేడా మూడు వారాల దాకా రావచ్చు. అయినా ఆ రిపోర్టులో కొత్త తేదీ ముద్రించి ఉంటుంది, గర్భిణి కార్డులో పాతది కొట్టేసి అది రాసేస్తుంటారు. అలా దిద్దిన కార్డు మీ దగ్గరికి వస్తే, మొదటి రిపోర్టు అడిగి తీసుకుని ఆ తేదీనే తిరిగి రాయండి.