రుచుల జాడా, రుచుల జాతా?

బ్రాడీపేట బాటసారి:
శనివారం మా వీధి గ్రంథాలయంలో ‘సహజ జాతులు, మానసిక జాతులు’ (ప్రకృతే విడదీసిన తరగతులు, మనసు సంగతుల తరగతులు) అంటూ ఒక గంట మాట్లాడమన్నారు. ఉప్పు కప్పురం పద్యంతో ఎత్తుకుందామనుకుంటే రెండో పాదం దగ్గర నాలుక ఆగిపోయింది. పుస్తకాల్లో ‘రుచుల జాడ వేరు’. మా తాతగారు మాత్రం ‘రుచుల జాతి వేరు’ అని చదివేవారు. అరవై ఏళ్లుగా చెవిలో ఉన్న మాట. ‘జాతి’ అయితే నా ఉపన్యాసం సగం వేమనే చెప్పేసినట్టు. ఆ పాఠం ఇంకెవరైనా విన్నారా?

ఛందోభిమాని, సత్యనారాయణపురం:
వినే పని లేదు మాస్టారూ, లెక్క వేస్తే చాలు. ఆటవెలదిలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదట. చూ-జా హల్లులకు మైత్రి ఉంది, అచ్చులకు లేదు. కాబట్టి ఇక్కడ ఉన్నది ప్రాసయతి, అంటే రెండో అక్షరాల జత: చూడ, జాడ. డకారం తీసేస్తే పాదం కూలుతుంది. తాతగారికి నమస్కారం, ఆ పాఠానికి కాదు.

వినుకొండవాసి:
వేమనను యతి గుంజకు కట్టేస్తారా! 1829లో బ్రౌను అచ్చు వేయించేనాటికే ఆ పద్యాలు ఒక్కో ప్రతిలో ఒక్కో తీరుగా ఉన్నాయి.

ఛందోభిమాని:
నోటి నుంచి నోటికి నడిచిన పద్యానికే యతి ఎక్కువ అవసరం. జ్ఞాపకానికి అది కొక్కెం. పనిలో పనిగా, ‘చూడ చూడ’ కూడా ‘చూడఁ జూడ’ అని ఉండాలి. చూడన్ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట; దాని తర్వాత చకారం జకారమవుతుంది.

ఉప్పుమడి, చినగంజాం (ఉండేది విజయవాడలో):
డకారం మీరు తేల్చుకోండి, నా పేచీ ‘చూడ’తో. రుచి జాడ కంటికి ఎలా చిక్కుతుంది? మా ఇంట్లో ‘పప్పులో ఉప్పు చూడు’ అంటే ఎవరూ కళ్లద్దాలు వెతుక్కోరు. ఇది నాలుకతో చూడటం. కంటికి ఒకటిగా ఉన్నవి పరీక్షకు రెండవుతాయి. ఉప్పు సోడియం, క్లోరిన్ల కూర్పు. నీళ్లలో కరుగుతుంది, హారతి పళ్లెంలో వెలగదు. కప్పురం నీళ్లలో దాదాపు కరగదు, వెలిగిస్తే పళ్లెంలో ఏమీ మిగలదు. 1690లో ఇంగ్లీషు తాత్త్వికుడు లాక్, పైకి కనిపించే గుణాలను బట్టి మనం కట్టే సారం వేరు, లోపలి నిర్మాణం అనే అసలు సారం వేరు అన్నది ఇదే కదా.

తర్కపాఠి:
లాక్ దాకా ప్రయాణం ఎందుకు, తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టు ఉండగా? ‘నిత్యమేకమనేకానుగతం సామాన్యం’: నిత్యమై, ఒకటే అయి, అనేకంలో ఉండేది సామాన్యం, అంటే జాతి. తార్కికులకు ఘటత్వం (కుండతనం) జాతి, పాచకత్వం (వంటవాడితనం) ఉపాధి, అంటే పైనుంచి తగిలించిన గుర్తు. గరిటె పట్టినంత మాత్రాన వంటవాళ్లంతా ఒక జాతి అయిపోరు. ఇప్పుడు మూడో పాదానికి రండి. పుణ్యపురుషత్వం జాతా, ఉపాధా? నన్నడిగితే ఉపాధే. వేమన దాన్ని ఉప్పు పక్కన కూర్చోబెట్టి జాతిలాగా కనిపించేట్టు చేశాడు. కవి కదా, చెల్లిపోయింది.

ఉప్పుమడి:
అదే అన్నంభట్టు బంగారాన్ని తీసుకువెళ్లి తేజస్సులో, అంటే నిప్పు కోవలో కలిపాడు స్వామీ. బంగారం పరమాణు సంఖ్య 79. అందులో నిప్పు ఎక్కడుంది?

తర్కపాఠి:
కలిపాడు, కాదనను. అయినా ఆయన ‘సువర్ణం’ అన్నప్పుడు చూపించింది మీ వేలి ఉంగరంలో ఉన్న పదార్థాన్నే. సిద్ధాంతం తప్పినా పేరు వస్తువును వదల్లేదు. 1970లో అమెరికన్ తాత్త్వికుడు క్రిప్కీ ప్రిన్స్‌టన్‌లో చెప్పింది సరిగ్గా అదే. మీరు నన్ను ఖండించారనుకుని నాకే సాక్ష్యం ఇచ్చారు.

కృష్ణలంక కోకిల:
అందరూ ఉప్పు దగ్గరే ఆగిపోయారు, ‘మానసిక’ సంగతి ఎవరికీ పట్టలేదు. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నదీ ఆ వేమనే కదా. అక్కడ వేపాకు మారలేదు, తినేవాడు మారాడు. ఉక్రోషం తీసుకోండి: కోపం, చేతకానితనం, ఏడుపు కలిపి పిసికిన ముద్ద. ఆ ముద్ద మనసులో ముందే విడిగా ఉందా, మన మాటే గీత గీసి విడదీసిందా? ఆ మాట లేని భాషవాళ్లకు ఉక్రోషం రాదా?
ఇంకొకటి. ఉప్పును కప్పురమని పిలిస్తే ఉప్పుకు పట్టింపు లేదు. ‘వీడికి అమ్మమ్మ మీద బెంగ’ అని పదిమంది అంటే మాత్రం, అప్పటిదాకా ఆడుకుంటున్న పిల్లవాడు కూడా అన్నం మానేస్తాడు. మా ఇంట్లో చూశాను. పేరు పడ్డవాళ్లు ఆ పేరుకు తగ్గట్టు మారతారు, తర్వాత ఆ పేరునే సవరించుకోవలసి వస్తుందని కెనడా తాత్త్వికుడు ఇయన్ హ్యాకింగ్ అన్నది ఇలాంటి వాటి గురించే. పుణ్యపురుషుడి సంగతీ అంతే. దండలు పడే కొద్దీ నడక మారుతుంది.

వినుకొండవాసి:
అమ్మా, మంచి మాట అన్నారు. నాకు గుచ్చుకునేది అసలు ‘జాతి’ అనే మాటే. మా జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. రెక్కలున్నా అది పక్షి కాదు, పిల్లలకు పాలిచ్చే ప్రాణి. శాస్త్రానికి దాని జాతి కావాలి, గుడికి అక్కర్లేదు. శివుడి దగ్గర తలకిందులుగా వేలాడినా ఎవరూ అడ్డుపెట్టరు. దానితో శివుడికి సందేశం పంపే, అంటరానివాడన్న ముద్ర పడ్డ మనిషికి మాత్రం తలుపు మూసి ఉంది. ఉప్పుకు జాతి ఉన్నది, మనిషికి అంటగట్టినది. రెండింటికీ ఒకే మాట వాడితే ఎలా? మాస్టారూ, శనివారం ‘రకాలు’ అనండి.

తర్కపాఠి:
‘రకం’ పారిభాషిక పదం కాదు. బజారు మాట.

వినుకొండవాసి:
బజారులో పరీక్షకు నిలబడ్డ మాట.

ఛందోభిమాని:
జాషువా సీసం నడక మీద వేరే చర్చ తెరవండి, తెల్లవార్లూ కూర్చుంటాను. ఇక్కడ విషయం డకారం.

బ్రాడీపేట బాటసారి:
సరే, ‘జాడ’ అనే రాసుకున్నాను. పక్కన పెన్సిలుతో తాతగారి ‘జాతి’ కూడా ఉంచాను, చెరపబుద్ధి కాలేదు. ‘రకాలు’ సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.

ఉప్పుమడి:
ఒక్క అనుమానం. పద్యంలోది ఏ కప్పురం? కర్పూర చెట్టుదా, బోర్నియో కర్పూరమా? చూపుకు ఒకటే, పేరూ ఒకటే, రెండోదానిలో మాత్రం రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎక్కువ. ఉప్పు దాకా ఎందుకు, కప్పురంలోనే రెండు జాతులున్నాయి!

ఛందోభిమాని:
ముందు ‘కప్పురంబు నొక్క’లో ఆ నకారం సముచ్చయమా (‘ఉప్పూ, కప్పురమూ’ అని కలిపేదా) కాదా చెప్పండి. హైడ్రోజన్ తర్వాత చూద్దాం.