విశ్వాసం అన్న మాటలో ఉన్న ఊపిరి

"కుక్కకున్న విశ్వాసం కూడా లేదు." ఈ మాట పోయిన నెల మా ఇంట్లోనే విన్నాను. అప్పట్నుంచి విశ్వాసం అన్న పదం నన్ను వదలడం లేదు. ఈ సమూహంలో సంస్కృతం చదువుకున్న పెద్దలున్నారు, పల్లెమాట తెలిసినవాళ్ళూ ఉన్నారు. నాకు తోచింది రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి.

తెలుగులో ఈ మాటకు రెండు ముఖాలు. "నీ మీద నాకు విశ్వాసం ఉంది" అన్నప్పుడు అది నమ్మకం, నమ్మినవాడి దగ్గర ఉంటుంది. "వాడు విశ్వాసంగా పనిచేశాడు" అన్నప్పుడు అది ఎదుటివాడు మనకు చెల్లించే బాకీ లాంటిది. అసెంబ్లీలో పెట్టే అవిశ్వాస తీర్మానంలో ఉన్నది మొదటిది. "ఉప్పు తిన్న విశ్వాసం"లో ఉన్నది రెండోది. సంస్కృతంలో మొదటి అర్థానిదే పెద్దపీట. విశ్వాసఘాతకుడు అన్న మాట చూడండి, అక్కడ దెబ్బతిన్న విశ్వాసం మోసపోయినవాడిది, మోసం చేసినవాడిది కాదు. కానీ కుక్క ప్రసక్తి వచ్చేసరికి మనం పూర్తిగా బాకీ అర్థంలోకి దిగిపోతాం. పిడికెడు మెతుకులు వేశాం, కాబట్టి విశ్వాసంగా పడి ఉండాలి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదు. ఇదీ మన లెక్క.

నేనుండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. మా వీధిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే కొళాయి దగ్గర వినబడతాయి. పక్కింటి కన్నడ అజ్జి ఇదే సామెతను "నాయిగె ఇరువ నియత్తు మనుష్యరిగె ఇల్ల" అంటుంది. నియత్తు అరబ్బీ మాట, సంకల్పం అని అసలు అర్థం. తెలంగాణలో మనవాళ్ళు నియ్యత్ అనేది కూడా దీన్నే. కుక్క పెట్టింది తింటుందా లేదా అన్నది కాదు, దాని మనసులో ఉన్న ఉద్దేశం శుద్ధమైనది అన్నమాట. ఇక విశ్వాసం అనే మాటను కన్నడిగులు ప్రేమ పక్కన కూర్చోబెట్టారు. ప్రీతి-విశ్వాస అని జంటగా వాడతారు. ఉత్తరం చివర "ఇంతి నిమ్మ విశ్వాసి" అని సంతకం పెడతారు. మనం అదే చోట "ఇట్లు తమ విధేయుడు" అని రాసుకుంటూ వచ్చాం. ఈ తేడా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇప్పుడు కెంచి సంగతి చెప్పాలి. కెంచి మా వీధి కుక్క. ఎర్రటి ఒళ్ళు కాబట్టి కన్నడంలో ఆ పేరు. ఎడమచెవి కొస కత్తిరించి ఉంటుంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయిందని గుర్తు. వీధికుక్కల గురించి కేంద్రం పెట్టిన 2023 నాటి నియమాల ప్రకారం ఆపరేషనూ టీకా అయ్యాక పట్టుకున్న చోటే తెచ్చి వదలాలి, అట్లా తిరిగి మా వీధికే వచ్చింది. ఎనిమిది నెలలు రోజూ రాత్రి గేటు బయట సత్తుగిన్నెలో పెరుగన్నం పెట్టాను. నేను గడియ వేసేదాకా వచ్చేది కాదు. వచ్చినా ముందుకాళ్ళు గిన్నె దగ్గర, వెనకకాళ్ళు పరుగుకు సిద్ధంగా ఉండేవి. ఒక కన్ను గిన్నెలో, ఇంకో కంటి తెల్లగుడ్డు నా వైపు. చివరి మెతుకు నాకేసి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పోయేది. ఎనిమిది నెలల అన్నం!

నిజం చెప్పాలంటే నాకు మనసులో కష్టంగానే ఉండేది. ఇంత పెడుతున్నా దీనికి విశ్వాసం లేదే అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను.

తర్వాత గమనిస్తే తెలిసింది, అది నన్ను చూసి కాదు భయపడేది. కర్రలాంటిది ఏది చేతిలో ఉన్నా పారిపోయేది. గొడుగు, కిటికీ తుడిచే కర్ర, చివరికి చీపురు. ఎవరు కొట్టారో, ఎక్కడ కొట్టారో దానికే తెలియాలి. అందుకని వాకిలి ఊడ్చేముందు చీపురు నేలమీద పెట్టి, రెండు నిమిషాలు నిలబడి, "ఏమే కెంచీ" అని పలకరించి, అప్పుడు ఊడ్చేదాన్ని. చెప్పుకోవడానికి ఇది ఎంత చిన్న పని! ఎండాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. గేటు మెట్టు మీద విసనకర్రతో కూర్చున్నాను. కెంచి వచ్చింది. అక్కడక్కడే మూడుసార్లు తిరిగింది. నా చెప్పు పక్కన గడ్డం ఆనించి పడుకుంది. పడుకుని, ముక్కుతో పొడుగ్గా ఒక ఊపిరి వదిలింది. నేలమీద రాలిన కానుగ పూలు ఆ గాలికి అంగుళం దూరం దొర్లాయి. ఆ రోజు గిన్నెలో ఏమీ లేదు.

ఆ రాత్రి నిఘంటువులు తీశాను. విశ్వాసంలోని ధాతువు శ్వస్, అంటే ఊపిరి తీయడం. ఉచ్ఛ్వాసం, నిశ్వాసం అన్నీ అక్కడివే. మన కావ్యాల్లో ప్రకరణాన్ని ఆశ్వాసం అంటామే, అదీ ఊపిరి తీసుకోవడమే, కథకు ఒక విరామం. మోనియర్ విలియమ్స్ సంస్కృత-ఇంగ్లీషు నిఘంటువు విశ్వస్ అన్న క్రియకు ముందుగా ఇచ్చే అర్థం స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకోవడం, భయం లేకుండా ఉండడం. నమ్మడం అనే అర్థం దాని తర్వాత వస్తుంది. అచ్చతెలుగులోనూ ఇదే దారి ఉంది. గండం గడిచాక "ఊపిరి పీల్చుకున్నారు" అంటాం కదా. నిడు ఊర్పు నిట్టూర్పు అయి దుఃఖానికి పోయింది గానీ, ఊర్పు అన్నది ఒట్టి ఊపిరే.

అంటే విశ్వాసం కుక్క మనకు చెల్లించేది కాదు. మన పక్కన దానికి దొరికేది.

ఇక మా ఇంట్లో మాట. ఏడేళ్ళు మాకు వంట చేసిన అక్క, రాయచోటి వైపు మనిషి, పోయిన నెల మానేసి రెండు వీధుల అవతల ఇంకో ఇంట్లో చేరింది. మా అత్తగారు అప్పుడన్నదే ఆ మొదటి వాక్యం. అత్తగారు పెట్టిపోతల్లో లోటు చేసే మనిషి కాదు. పండక్కి చీర, పిల్లలకు బడి ఫీజు, జ్వరమొస్తే మందులు, అన్నీ చూశారు. అందుకే ఆమెకు అంత బాధ. వారం తర్వాత కూరగాయల బండి దగ్గర అక్క కనబడితే, జీతం బాగుందా అని అడిగాను. "ఐదొందలు తక్కువేమ్మా. మీ ఇంట్లో గిన్నె చప్పుడైతే నాకు గుండె దడదడ అనేది. ఎప్పుడు కోపమొస్తాదో తెలీదు కదా. ఈడ ఆయమ్మ కూసోని టీ తాగమంటాది" అంది.

ఏడేళ్ళు ఆమె మా వంటింట్లో నిలబడే టీ తాగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క రోజు కూడా స్టూలు జరిపి కూర్చో అక్కా అనలేదు. మనిషిని కుక్కతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ పోలిక మన సామెతలో ముందునుంచే ఉంది, నాకు అదే గుచ్చుకుంటున్నది. పెట్టిన చెయ్యి విశ్వాసం అడుగుతుంది. ఎదుటి ప్రాణి ఊపిరి బిగబట్టుకుని తింటున్నదా, వదిలి తింటున్నదా అని మాత్రం చూడదు.

(కింద వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబులు రాస్తున్నాను.)

విశ్వాసంలో "శ్వా" ఉంది కాబట్టి శ్వానం నుంచే పుట్టిందా అని అడిగిన తమ్ముడికి: ఆలోచన ముచ్చటగా ఉంది గానీ, కాదు నాయనా. కుక్కకు సంస్కృతంలో శ్వన్, అది లాటిన్ కానిస్‌కు చుట్టం. శ్వాస వేరే ధాతువు. చెవికి ఒకేలా వినబడడం వట్టి కలిసిరావడమే.

చెన్నై నుంచి రాసిన వారికి: అవును, తమిళంలో కుక్కను నన్రి, అంటే కృతజ్ఞత, ఉన్న ప్రాణి అంటారు. చేసిన మేలు మరవకపోవడం దాని గుణంగా చెబుతారు. తిరుక్కురళ్‌లో చేసిన మేలు ఎరగడం మీద ఒక అధ్యాయమే ఉంది, పదకొండోది. నన్రి మంచిమాటే. కాకపోతే అక్కడా మొదలు మేలు చేసినవాడి దగ్గరే ఉంది చూశారా.

అన్నం పెట్టకుండా ఏ కుక్కయినా దగ్గరికొస్తుందా అని ఒకరు గట్టిగా అడిగారు. నా ఒక్క కెంచి అనుభవం చాలదని ఒప్పుకుంటాను. అయితే ఐసర్ కోల్‌కతా అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీదే ఏళ్ళ తరబడి పనిచేస్తున్నది. 2017లో వాళ్ళు ప్రచురించిన ఒక పరిశోధనలో, ముక్కూమొహం తెలియని మనిషి పదేపదే తిండి పెట్టడం కంటే పదేపదే తల నిమరడం వల్లే వీధికుక్కలకు ఎక్కువ చనువు ఏర్పడిందని తేలింది. తిండి వద్దని కాదు. తిండితో ఆగిపోతే చాలదు అని.

పిల్లల తల్లి ఒకామె కోపంగా రాశారు. మీ కుక్కల ఊపిరి సరే, మా పిల్లవాడి సంగతేమిటి అని. ఆ కోపం న్యాయమైనది. 2023 లెక్కల్లో ఈ నగరంలో సుమారు 2.79 లక్షల వీధికుక్కలున్నాయి. కరిస్తే, గీరుకుపోయినా సరే, వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. పసుపూ కారమూ పూయడం, రేపు చూద్దాంలే అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లవాడు వీధిలో ఊపిరి బిగబట్టుకుని నడుస్తుంటే అక్కడ విశ్వాసం లేనట్టే. పిల్లలకు నేను చెప్పేది ఒకటే: పరుగెత్తొద్దు, కళ్ళల్లోకి చూడొద్దు, కుక్క తింటున్నప్పుడూ దాని కూనలతో ఉన్నప్పుడూ దగ్గరికి పోవద్దు. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను మాత్రం నమ్మొద్దు. మొరగడమూ గుర్రుమనడమూ అది ఇచ్చే హెచ్చరిక.

మన సాహిత్యంలో కుక్కకు తిట్లే గానీ గౌరవం ఎక్కడుంది అన్న మాస్టారికి కొంచెం వివరంగా రాయాలి. కనకపు సింహాసనం పద్యం, చెప్పు తినే కుక్క పద్యం మనందరికీ బడిలోనే నోటికొచ్చాయి, నిజమే. కానీ తెలుగు భారతం మొదట్లోనే ఒక తల్లికుక్క మాట్లాడుతుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి పోయాడు. రాజుగారి తమ్ముళ్ళు ఊరకే కొట్టారు. ఏడుస్తూ ఇంటికొచ్చిన పిల్లను చూసి, సరమ నేరుగా రాజు ముందుకెళ్ళి నిలబడింది. పదకొండో శతాబ్దపు నన్నయ ఆమె నోట పెట్టిన పద్యం ఇది:

తగు నిది తగ దని యెదలో
వగవక సాధులకుఁ బేదవారల కెగ్గుల్
మొగిఁ జేయు దుర్వినీతుల
కగు ననిమిత్తాగమంబు లయిన భయంబుల్

ఇది తగును, ఇది తగదు అని మనసులో ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ పూనుకుని కీడుచేసే వాళ్ళకు, కారణం లేకుండానే వచ్చిపడే భయాలు కలుగుతాయి. దీన్ని నీతిపద్యంగా బట్టీపట్టిన మనలో ఎంతమందికి ఇది కుక్క చెప్పిన పద్యమని గుర్తుంటుంది? ఇప్పుడు ఇంకో సంగతి కూడా కనబడుతున్నది. సరమ ఇచ్చిన శాపం చావు కాదు, భయం. ఏ తప్పూ లేని తన పిల్ల ఊపిరిని చెదరగొట్టారు, మీ ఊపిరీ అట్లాగే చెదురుతుంది అంది. విశ్వాసానికి అసలైన వ్యతిరేకపదం ద్రోహం కాదు, భయం అని ఈ పద్యం చదివాకే నాకు గట్టిపడింది.

ధర్మరాజు కుక్క సంగతి కూడా ఒకరు గుర్తుచేశారు. సంస్కృత మూలంలో ఆయన దాన్ని "భక్తః" అంటాడు. ఆ మాటకు ధాతువు భజ్, అంటే పంచుకోవడం. వండిన అన్నానికీ సంస్కృతంలో భక్తమనే పేరు. స్వర్గం వాకిట్లో నిలబడి ఆ మాట వాడడం ఎంత గొప్ప సంగతో!

చివరగా, విశ్వాసం వద్దంటే మరి ఏ మాట వాడాలి అని అడిగారు. వద్దనడం లేదు, దాని ఊపిరి దానికి తిరిగిద్దాం అంటున్నాను. అయితే కెంచి చేసిన పనికి మా మదనపల్లె అవ్వ దగ్గర వేరే మాట ఉండేది, మాలిమి. కొత్తగా తెచ్చిన దూడ గురించి "ఇంకా మాలిమి కాలేదు, మీద చెయ్యెయ్యాకు" అనేది. మచ్చిక అనే మాట కూడా ఉంది గానీ, దాన్ని మనం "చేసుకుంటాం", గుర్రాన్ని మచ్చిక చేసుకున్నట్టు. మాలిమిని అవ్వ ఎప్పుడూ "అయింది" అనే అనేది. అయ్యేది ఆ ప్రాణి, దాని వేళకు అది అవుతుంది. కెంచి నాకు మాలిమైంది. మీ వైపు ఈ మాట బతికే ఉందా? గోదావరి జిల్లాల్లో, శ్రీకాకుళం వైపు, పాలమూరులో దీనికి ఏమంటారో, ఎవరి నోట విన్నారో కూడా రాయండి.