అప్‌డేట్: ఏఎల్పీ ట్రైనింగ్ నెట్టుకురాగలనా అని అడిగాను కదా

మెకానికల్ డిప్లొమా వాడిని, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా (ఏఎల్పీ, అంటే రైలింజిన్ నడిపే పైలట్‌కు సహాయకుడు) సెలెక్ట్ అయ్యాను, ఎలక్ట్రికల్ అంటే భయం అని అప్పుడు రాశాను. ధైర్యం చెప్పిన అన్నలకు, అక్కలకు థాంక్స్. ట్రైనింగ్ బాగానే సాగుతోంది.

కరెంటు కంటే రూల్స్ పుస్తకమే ఎక్కువ బాధపెట్టింది. సిగ్నల్ రంగులు చిన్నపిల్లలకూ తెలుసు. కానీ సిగ్నల్ ఫెయిలైతే ఏ అథారిటీ కాగితం తీసుకుని, ఎంత స్పీడుతో దాటాలో నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. సర్క్యూట్లు మాత్రం ఇంజిన్ ఎక్కాక వాటంతట అవే బుర్రకెక్కాయి. క్యూఎల్‌ఎం రిలే (ఇంజిన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు మరీ ఎక్కువైతే సప్లై కట్ చేయించేది) పడిందంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పొగ, ఆయిల్ చిమ్మడం లాంటివి లేవని చూసుకున్నాకే రీసెట్ చేయాలి. అది బోర్డు మీద గీసినప్పుడు ఒక్క ముక్క అర్థం కాలేదు!

నాకు బాగా నచ్చింది న్యూట్రల్ సెక్షన్. అక్కడ పైతీగలో కరెంటు ఉండదు. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 దగ్గర ఇంకోటి వస్తాయి. తర్వాత డీజే (ఇంజిన్ మెయిన్ సర్క్యూట్ బ్రేకర్) ఓపెన్ చేసి, ఉన్న వేగంతోనే దాటించి, మళ్లీ క్లోజ్ చేయాలి. ఎదురు ఎత్తులో లోడు గూడ్స్‌తో అయితే పైలట్‌కు కూడా కాస్త టెన్షనే.

ప్రతి సిగ్నల్‌నూ చెయ్యి చూపించి గట్టిగా పలకాలి. మొదట్లో సిగ్గేసింది, ఇప్పుడు బస్సులో కూర్చున్నా నోట్లోంచి వచ్చేస్తోంది.

కళ్లద్దాల గురించి అడిగిన తమ్ముడికి: మెడికల్ ఏ-1 కేటగిరీ. అద్దాలు లేకుండానే చూపు 6/6 ఉండాలి, లాసిక్ (కళ్లకు లేజర్ ఆపరేషన్) చేయించుకున్నా ఒప్పుకోరు. ఫీజు కట్టేముందే కళ్ల డాక్టర్‌కు చూపించుకో.